ఆఖరి చుక్క

“బిగించేశాను సార్! పెట్టె మీద పచ్చలైటు కూడా వచ్చింది,” అన్నాడు మెకానిక్ ఫోన్లో.

“మరి నా తెర మీద చుక్క రాదేం?” అన్నాడు ఇంజనీరు.

నౌకాదళంలోని ఓడలన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చే పని వాళ్లది. బిగించడం మెకానిక్ వంతు, తెర చూడటం ఇంజనీరు వంతు. పెట్టె బిగిస్తే చాలు, ఓడ ఎక్కడున్నా చుక్కై దానంతటదే కనిపిస్తుంది. అందాకా ఏ ఓడ ఎక్కడుందో ఇంజనీరుకైనా చెప్పరు, అది రహస్యం. అన్నీ కలిశాయి. మిగిలింది ఇంజనీరు భార్య సిగ్నల్ ఆఫీసరుగా ఉన్న ఓడ ఒక్కటే.

ఆమె వెళ్లి నెలలవుతోంది. ఇంట్లో పలకరించే దిక్కు లేక, కుక్కర్ కూత పెట్టినా “ఆఁ, వస్తున్నా” అని బదులు చెప్పే స్థితికి వచ్చాడు పాపం. ఆమె ఫోన్ చేసినా నాలుగు ముక్కలే. పొద్దున కూడా అంతే.

“ఎప్పుడొస్తావే?”

“నడిసముద్రంలో ఉన్నాం. ఎటు చూసినా నీళ్లే. నన్నడిగితే ఏం చెప్పను? సరే, ఉంటా మరి.”

నడిసముద్రమైతేనేం, ఇవాళ్టి నుంచి ఆమె తన కళ్ల ముందే ఉంటుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఇన్నాళ్లూ అతను ఒళ్లొంచి పనిచేసింది ఈ ఒక్క చుక్క కోసమే. ఒంటరివాడికి అదే పదివేలు.

రేవు ఆఫీసులో కిటికీలు లేని తన గదిలో తెరకు ముఖం ఆనించి నీలమంతా గాలించాడు. తూర్పు వెతికాడు, దక్షిణం వెతికాడు. రేవు మూలన మాత్రం లంగరేసిన ఓడల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా ఉన్నాయి. వాటితో అతనికి పనిలేదు.

కొంపదీసి ఓడకేమైనా అయిందా? మళ్లీ ఫోన్ అందుకోబోతుంటే తలుపు తోసుకుని మెకానిక్కే లోపలికొచ్చాడు, చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ.

“నువ్వా! ఓడ మీద ఉండాలిగా?”

“పనైపోయింది కదా సార్, వచ్చేశాను.”

“అప్పుడేనా? అంత దూరం నుంచి హెలికాప్టర్లో గానీ దింపారా ఏంటి?”

మెకానిక్ అతని వంక వింతగా చూశాడు.

“నడిచొచ్చాను సార్.”