మూడు లెక్కపెట్టేలోగా

"దాటింది!" అని వెనకనుంచి భార్య కేకేసేసరికి, పడవ ముక్కు దగ్గర బోర్లా పడుకున్న దర్జీ 'ఐదు' దాకా లెక్కపెట్టేశాడు.

"ఐదా?" చుక్కాని పట్టుకున్న లెక్కల మాస్టారు మొహం చిట్లించాడు. పడవ కొనడానికి వచ్చిన మనిషి ఆయన. "మూడుకే దాటాలి కదండీ?"

దాటాలి. పడవ ముందు ఒక చెక్కముక్క నీళ్ళలో వేసి, అది వెనక కొస దాటేదాకా లెక్కపెట్టి వేగం చూడడం దర్జీ పద్ధతి. వెయ్యడం, లెక్కపెట్టడం ఆయన వంతు. చూసి కేకెయ్యడం ఆవిడ వంతు. మధ్యలో పడవ గది కప్పూ తెరచాపా అడ్డు కాబట్టి వెనక ఏమవుతోందో ఆయనకి కనపడదు. కనపడక్కర్లేదు కూడా. ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించాలంటే ఆయనకి ఆవిడ కళ్ళే దిక్కు.

"ఇంకోసారి చూద్దాం," అన్నాడు దర్జీ. చెక్కముక్క పడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐ...

"దాటింది!"

దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఇష్టపడి అమ్ముతున్నాడా ఏమన్నానా? తను ఒక్కడే పడవ వేసుకుపోయిన రోజల్లా గట్టు మీద గుండె అరచేతిలో పెట్టుకుని నిలబడే భార్యకి, ఇక చాలు అమ్మేస్తానని మాటిచ్చాడు. మాటంటే మాటే. కానీ అమ్మేటప్పుడైనా సరే, తన పడవది నత్తనడక అంటే ప్రాణం ఒప్పుకుంటుందా?

"అడుగున నాచు పట్టిందేమో?" అన్నాడు మాస్టారు.

"మొన్ననే గీకానండీ. చేతులు చూడండి, బొబ్బలు."

"బరువెక్కువైందేమో?"

"ఇందులో బరువల్లా నేనే," అంది వెనకనుంచి ఆవిడ. "దిగిపొమ్మంటారా?"

మాస్టారు నవ్వేశాడు. దర్జీకి నవ్వు రాలేదు. లేచి తాడు కాస్త వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. తెరచాప ఆయన సొంత కుట్టు. గాలి సరిగ్గా అందుతోందో లేదో తెలియడానికి దానికి రెండువైపులా నూలుపోగులు కుట్టుకున్నాడు. రెండూ బారుగా వెనక్కి ఎగురుతున్నాయి. ఇంతకన్నా ఏ పడవైనా ఏం చేస్తుంది? మంచినీళ్ళ డబ్బాలు మోసుకొచ్చి మధ్యకి జరిపాడు. మళ్ళీ ముందుకెళ్ళి బోర్లా పడుకున్నాడు. చెవి కింద నీళ్ళు, కొత్త బట్ట చింపినట్టు పరపరా చీలుతున్నాయి. ఈ చప్పుడు మూడుది. ఐదుది కానే కాదు. చెవులు కూడా ముసలివైపోయాయా?

మూడోసారి. ఈసారీ ఐదే.

"ఏమనుకోకండి," అన్నాడు మాస్టారు, పెళ్ళిసంబంధం కాదన్నంత మొహమాటంగా. "నీళ్ళలో పడవ పొడుగెంతో, దాన్నిబట్టే వేగానికి హద్దు. ఈ పొడుగుకి, ఇంత గాలిలో, మూడు లెక్కపెట్టేలోగా చెక్క దాటితే నికార్సైన పడవ. ఐదంటే కష్టం. మా వైపు పాయ నోటి దగ్గర సముద్రపు పోటు ఎదురు కొడుతుంది. ఇలా నడిస్తే ఎక్కడి పడవ అక్కడే. పిల్లల్ని ఎక్కించుకుని అక్కడ చిక్కుకుపోతే..."

"నిజమేనండీ. పిల్లలున్నప్పుడు తొందరపడకూడదు," అంది ఆవిడ.

మాస్టారుని వాళ్ళ రేవులో దింపేశారు. చెయ్యూపి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటిదారిలో గాలి అలాగే ఉంది. చుక్కాని దర్జీ చేతిలో కూనిరాగం తీస్తోంది. ఆయన మాత్రం తెరచాప కుట్లకేసే చూస్తున్నాడు. ఆవిడ ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి అందించింది.

"పోనిద్దురూ. అతనికి రాసిపెట్టి లేదు."

"నా కుట్టులోనే ఏదో తేడా ఉండుంటుందే."

"మీ కుట్టుకేం? పొద్దున ఒకటడుగుదామనుకున్నాను. రేవులో కట్టేసున్న పడవని తుడుస్తుంటే కళ్ళలో ఉప్పునీళ్ళు పడ్డాయన్నారే, ఎలా పడ్డాయండీ?"

"గాలికి చిందుంటాయి."

"గాలెక్కడ? అప్పటికి ఆకు కూడా కదల్లేదు."

దర్జీ టీ ఊదుకున్నాడు. అది అప్పటికే చల్లారిపోయింది.

"ఇంకోడెవడైనా రాకపోడులే," అన్నాడు. "నీకసలే భయం."

"భయం ఎక్కడికి పోతుందీ? మీరు వెళ్ళగానే వస్తుంది. మీరు రాగానే పోతుంది. అలవాటైన భయం. ఇప్పుడు దీన్ని వదిలేసి, మిమ్మల్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి చూస్తూ కొత్త భయం తెచ్చుకోమంటారా?"

దర్జీ ఆవిడ మొహం కేసి చూశాడు. ఆవిడ మాత్రం ఫ్లాస్కు మూత బిగించడంలో మునిగిపోయింది. బిగుసుకున్న మూతనే మళ్ళీ మళ్ళీ బిగిస్తోంది.

"చుక్కాని పట్టుకో," అన్నాడాయన. "ఒక్కసారి మళ్ళీ చూసొస్తాను. గాలి తగ్గలేదుగా."

"ఇప్పుడెందుకండీ?"

"నా తృప్తి కోసం."

తెరచాప కింద నుంచి వంగి ముందుకెళ్ళి, పడవ ముక్కు దగ్గర బోర్లా పడుకున్నాడు.

"వేశా!" అని కేకేశాడు. "ఒకటి... రెండు... మూడు..."

"దాటింది!" వెనకనుంచి హుషారుగా వినిపించింది. "చూశారా, నే చెప్పలేదూ! మూడుకే దాటింది!"

దర్జీ మెల్లగా గుప్పిట విప్పాడు. చెక్కముక్క పొడిగా అందులోనే ఉంది.