నలభై మూడో అంచె

“ఇక నువ్వు నొక్కాల్సింది ఏమీ లేదు తల్లీ. ఊరికే చూస్తూ కూర్చో,” అన్నాడు బాబాయ్.

స్క్రీన్ మీద అంచెలు ఒకదాని తర్వాత ఒకటి పచ్చబడుతున్నాయి. ప్రోగ్రామర్లు రాసింది తెచ్చుకోవడం, మూట కట్టడం, పరీక్షించడం, గోదాంలో దాచడం, అక్కడి నుంచి సర్వర్లకు పంపడం. బస్సు టికెట్ల యాప్ కొత్త వెర్షన్ బయటికి వెళ్ళాలంటే మొత్తం నలభై రెండు అంచెలు దాటాలి. పదకొండేళ్ళుగా ఆ నలభై రెండూ బాబాయ్, రిలీజమ్మ ఇద్దరి చేతుల మీదుగానే నడిచాయి. ఇప్పుడు మనిషి చెయ్యి పడకుండా, ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చునేలోగా అయిపోయాయి.

రిలీజమ్మకు చప్పట్లు కొట్టాలనిపించలేదు. ఏడుపొచ్చింది. ఇద్దరు చేసే పనికి ఇక ఒక్కరు చాలని, ఎవరు ఉండాలో శుక్రవారం తేలుస్తానని మేనేజరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. భర్త నడుం విరిగి ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగం మీదే.

“కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళ గురించి విన్నాను బాబాయ్. పక్కవాళ్ళు కూర్చున్న కొమ్మ నరికే మనిషిని ఇప్పుడే చూస్తున్నా.”

“నీ కొమ్మ జోలికి నేనెందుకొస్తాను తల్లీ?”

ఆ ‘తల్లీ’ ఒకటి, పుండు మీద కారం చల్లినట్టు. కొత్త వెర్షన్లు రిలీజ్ చేస్తుందని ఆమెకు రిలీజమ్మ అని పేరు పెట్టిందే ఆయన. ఆఫీసంతా ఆ పేరుతోనే పిలుస్తుంది, ఆయన తప్ప. కొన్నాళ్ళుగా ఆయనకు ఆడవాళ్ళంతా తల్లులు, మగవాళ్ళంతా నాయనలు. బాబాయ్‌కి ముసలితనం ముందే ముంచుకొచ్చిందని అందరూ నవ్వుకుంటారు. ఆమె మాత్రం తనను దూరం పెడుతున్నాడనుకుంది.

మారింది పిలుపొక్కటే కాదు. ఒకప్పుడు ఆ నలభై రెండు అంచెలూ ఆయనకు నోటికి వచ్చు. ఎవరైనా కాగితం చూసుకుంటూ పనిచేస్తే, “చీటీలో పెళ్ళాం పేరు కూడా రాసుకున్నావా?” అని ఏడిపించేవాడు. అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా చీమ తలకాయంత సంగతి కూడా వదలకుండా రాసి యంత్రానికి ఎక్కించాడు. పైగా రోజూ పొద్దున్నే ఆమె బల్ల దగ్గరికొచ్చి, “నిన్న మనం ఏ వెర్షన్ పంపాం? చెప్పు చూద్దాం,” అంటూ బడిపంతులులా నిలబడేవాడు. తనకు పని రాదని నిరూపించడానికే ఇదంతా అని ఆమె పళ్ళు కొరుక్కునేది.

“ఆ రోజు పాత వెర్షన్ పంపింది నేననేగా నీ అనుమానం?” అని ఇవాళ అడిగేసింది.

ఎనిమిది నెలల కిందట ఒకసారి గోదాంలోంచి కిందటేడు వెర్షన్ బయటికి వెళ్ళిపోయింది. ఎప్పుడో రద్దయిన బస్సులకు టికెట్లు అమ్ముడై, జనం పిల్లాపాపలతో ఎండలో నిలబడిపోయారు. ఎవరి చెయ్యి జారిందో ఎవరూ తేల్చలేదు. ఆ మర్నాడే బాబాయ్ ఈ పని మొదలుపెట్టాడు.

ఆయన తల వంచుకున్నాడు. “అది మళ్ళీ జరక్కూడదు తల్లీ. మనిషి మరిచిపోతాడు. ఇది మరిచిపోదు.”

“ఎవరు మరిచిపోయేది? నేనా?”

ఐదింటికి ఆయన కంప్యూటర్‌లో గంట మోగింది. రోజూ మోగేదే. స్క్రీన్ వైపు ఒకసారి చూసి లేచాడు. “వస్తాను తల్లీ,” అన్నాడు. ఆమె మొహం తిప్పుకుంది.

శుక్రవారం మేనేజరు ఆమెను తన గదిలోకి పిలిచాడు.

“కూర్చోండి. ఉండేది మీరే.”

“మరి బాబాయ్?”

“తన పేరు ఆయనే కొట్టేసి ఇచ్చాడండీ. ఎంతో చెప్పి చూశాను, వినలేదు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.”

ముందు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎక్కడో పెద్ద ఉద్యోగం దొరికి ఉంటుంది. లేకపోతే చేజేతులా ఎవరు వదులుకుంటారు? ముందే ఏర్పాటు చేసుకుని, ఇన్నాళ్ళూ తనను ఏడిపించి, పోతూ పోతూ త్యాగమని పేరు కొట్టేద్దామనుకున్నాడన్న మాట.

సాయంత్రం గంట మోగాక ఆయన సంచీతో ఆమె బల్ల దగ్గర ఆగాడు. “వస్తాను తల్లీ.” ఆమె తలెత్తలేదు. ఆయన ఇంకాసేపు నిలబడి, ఏదో అడగబోయి, వెళ్ళిపోయాడు.

సోమవారం ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. సాయంత్రం కొత్త వెర్షన్ పంపింది. అంచెలన్నీ పచ్చబడ్డాయి. నలభై రెండు దాటాక, ఆయన స్క్రీన్ మీద ఇంకొకటి కనిపించింది. నలభై మూడు. దానికి మూట లేదు, సర్వరు లేదు. ఐదయ్యేదాకా ఆగి గంట మోగించడం, నాలుగు ముక్కలు చూపించడం, అంతే దాని పని.

గంట మోగింది.

“ఐదయింది. లే. పక్క కుర్చీ వైపు తిరిగి ‘వస్తాను తల్లీ’ అని చెప్పు.”

ఆమెకు నవ్వొచ్చింది. వెళ్ళొస్తానని చెప్పడం కూడా యంత్రం మీదే పడేశాడు, ఎంత బద్ధకం!

“గేటు దాటి ఎడమకు తిరుగు. మూడో వీధి. నీలం తలుపు.”

కొత్త ఆఫీసు గుర్తులు కాబోలు. దొరికాడు దొంగ. ఎప్పటి నుంచి సాగుతోందో ఈ వ్యవహారం అని పక్కనున్న తేదీ చూసింది. ఎనిమిది నెలల కిందటిది. ఆ నలభై రెండింటి కంటే ముందు ఆయన రాసుకున్నది ఇదే.

“తలుపు కొట్టు. ఒకావిడ తీస్తుంది. భయపడకు.”

కింద ఇంకొక్క ముక్క మిగిలింది.

“ఆవిడ నీ భార్య.”