పక్క బల్ల మీది నీలం ముక్కలు

"నాకు మట్టి పెళ్ళలు, దానికి నీలం గాజు ముక్కలా?"

మ్యూజియం స్టోరు గదిలో ట్రే ముందు కూర్చుని అక్క పళ్ళు నూరుతోంది. అక్కడందరికీ ఆమె అక్కే. తవ్వకాల్లో దొరికిన చిన్నాచితకా ముక్కల్ని చిట్లకుండా సర్దడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అలాంటిది, పొద్దున ఆఫీసరు "ఇవి నీకే" అంటూ మట్టి పెళ్ళల ట్రే ఆమె ముందు పెట్టి, నీలం ముక్కలు మొన్న చేరిన కొత్తమ్మాయికిచ్చాడు.

పక్క బల్ల దగ్గర కొత్తమ్మాయి స్పాంజి పలకలో ఒక్కో ముక్క ఆకారానికీ గుంట కోసి, పల్చటి కాగితం పరిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెడుతోంది. ఆఫీసరు ఆమె వెనకే నిలబడ్డాడు. ఇటు తిరగడే!

"సార్, నా పని చూడరా?"

"నీది చూడటానికేముందమ్మా? సర్దేయ్."

చూడటానికేం లేదట! అక్కకు ఒళ్ళు మండింది.

"అక్కా, ఈ గుంట లోతు సరిపోతుందా?" కొత్తమ్మాయి అడిగింది.

"వెనకాల అంత పెద్ద సారుండగా నేనెందుకమ్మా?"

"నిన్నే అడగమన్నారు సార్."

"ఆహా! వేలు పట్టి నడిపించడానికి నేను, ఊరేగడానికి నువ్వు!"

అసూయకు కళ్ళుండవంటారు. అబద్ధం. ఉంటాయి. పక్క బల్ల మీదే ఉంటాయి. అందుకే అక్క తన ట్రేలోకి సరిగ్గా చూడనైనా లేదు. గుంటలు కోయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఆ రోజు కత్తి ముట్టలేదు. మట్టికి మంచమెందుకట? అన్నిటినీ ఒకే అట్టపెట్టెలో కుమ్మరించింది. పైన ఇంత దూది కుక్కి మూత అదిమింది. లోపల ఏదో పుటుక్కుమంది.

పోతే పోయింది, వెధవ మట్టి!

"అయిపోయింది సార్!" అంటూ పెట్టెను బల్ల మీద దభీమని పెట్టింది.

ఆఫీసరు అప్పటికీ కొత్తమ్మాయి పలకనే చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. ఒక్క నీలం ముక్క కూడా కదల్లేదు.

"భేష్! చెయ్యి కుదిరింది."

అక్క మూతి తిప్పుకుంది. ఇన్నేళ్ళలో తనకొక్క భేష్ పడిందా?

ఆఫీసరు పలకను కొత్తమ్మాయికిచ్చి నవ్వాడు.

"ఇక ఈ సీసా పెంకులు చెత్తబుట్టలో పారేసి, అసలైనవి ఎలా సర్దాలో అక్క పెట్టె తెరిచి నేర్చుకో."