టిక్కీ ఎత్తితే మగ కూలి

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక నల్లగా నిలబడింది. ఎండుమిరప నింపిన టిక్కీ బస్తాలు కల్లమంతా పడి ఉన్నాయి.

ఆ రోజుల్లో కూలికొచ్చిన ప్రతి చేతికీ మాట్లాడే బ్యాండు ఉండేది. చేసే పనిని చూసి అది ఆడ కూలో మగ కూలో పైకే చెప్పేది. అబ్బాయిగా పెరిగి, అమ్మాయినని ఊరికి చెప్పుకున్న సుభాషిణి బ్యాండుకు మాత్రం ఆసామి రాఘవులు రెండు నాలుకలు పెట్టించాడు. బరువులెత్తే వేళ అది "మగ" అనేది. సాయంత్రం డబ్బులిచ్చే వేళ "ఆడ" అని తక్కువ కట్టేది. అన్నం ఆమె ఎవరి వరసలోనూ కాక గట్టు మీద ఒక్కతే తినేది.

"వానొస్తంది, టిక్కీలెత్తరా సుభాషూ!" రాఘవులు కేకేశాడు.

ముఠా మేస్త్రి దానమ్మ కొంగు బిగించింది. "దాన్ని రా అంటావేందయ్యా? రండే, మనమూ ఎత్తుదాం."

ఆడవాళ్ళంతా కలిసి టిక్కీలు లేపారు. చేతులన్నీ ఒక్కసారిగా "మగ కూలి, మగ కూలి" అని అరిచాయి.

"మేమంతా మగోళ్ళమైపోయాం," అంటూ దానమ్మ టిక్కీ దింపి దాని మీదే కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. "మగ కూలి ఇయ్యి."

"మీరు ఆడోళ్ళు కదా!"

"మరి సుభాషిణో?"

మొదటి చినుకు పడింది. రాఘవులు పైకి చూశాడు, మిరపను చూశాడు.

"అదీ ఆడదే. అందరికీ మగ కూలే ఇస్తా. లేవండి తల్లో!"

"మాకు కాదు, బ్యాండుకు చెప్పు."

చెప్పాడు.

వాన దంచేసరికి టిక్కీలన్నీ షెడ్డులో ఉన్నాయి. ఆడవాళ్ళ వరసలో దానమ్మ కాస్త జరిగింది. సుభాషిణి అక్కడ కూర్చుని క్యారియర్ విప్పింది. గోంగూర పచ్చడి చేతులు మారింది. బ్యాండ్లేవీ నోరెత్తలేదు.