రోజుకు ఇరవై ట్రిప్పులు

"ఇక్కడ స్టాండు పెట్టం" అని దేవేందర్ మ్యాపు మడత పెట్టాడు.

ఎంకమ్మ అతని బండికి అడ్డంగా నిలబడింది. "ఎందుకు పెట్టవు?"

ఇబ్రహీంపట్నంలో కొత్తగా వస్తున్న సైకిల్ స్టాండ్లకు జాగాలు చూడడానికి పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు దేవేందర్. కార్డు చూపిస్తే సైకిల్ తాళం ఊడుతుంది. ఒక స్టాండులో తీసుకొని ఇంకో స్టాండులో పెట్టేయొచ్చు. ఆడవాళ్ళకు కార్డు ఉచితం. బస్టాండు, చేపల మార్కెట్, శేరిగూడ కాలేజీ గేటు, ఆదిభట్లలో కంపెనీ బస్సులు ఆగేచోటు, అన్నిటికీ మ్యాపులో ఎర్రచుక్కలు పడ్డాయి. చెరువు కట్ట కింది చేపలోళ్ళ గల్లీకి మాత్రం పడలేదు. మ్యాపు గీసినవాడు ఆ గల్లీ మొహం చూసి ఉంటే కదా.

తెల్లవారగానే చేపల గంప నెత్తిన పెట్టుకొని రెండు కిలోమీటర్ల అవతలి మార్కెట్‌కు పోవడం ఆ గల్లీ ఆడవాళ్ళ బతుకు. నీసు వాసనని ఆటోవాళ్ళు ఎక్కించుకోరు. పోయిన నెల ఎంకమ్మ మెడ పట్టేసింది. ఇక నెత్తి మీద బరువు పెడితే కుడిచెయ్యి పడిపోతుందని దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. చేపలు అమ్మకపోతే ఆమెకు పూట గడవదు.

"ఈ గల్లీల ఉన్నదంత పెద్ద వయసోళ్ళేనాయె. చీరలు గట్టుకొని సైకిళ్ళు ఎవరు తీస్తరక్కా?" అన్నాడు దేవేందర్.

ఎంకమ్మకు కడుపు మండింది. "సైకిల్ ఈడికెల్లి కదలాలె, మార్కెట్ కాడ స్టాండుకు చేరాలె. గంతేనా నీకు గావల్సింది?"

"అవ్. రోజుకు ఇరవై ట్రిప్పులు పడాలె. నెల చూస్త. ఒక్క దినం తక్కువైనా ఎత్తుకపోయి శేరిగూడల పెడత."

"అత్తా, మనకు..." అని కోడలు శోభ ఏదో చెప్పబోయింది. ఎంకమ్మ ఆమె చెయ్యి గట్టిగా గిచ్చింది.

"పెట్టు సారూ. నెల దాక మల్ల ఇటు దిక్కు రాకు."

పన్నెండు సైకిళ్ళు దిగాయి. పచ్చరంగు, వెనక వెడల్పాటి క్యారియర్, సీటుకు కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు. మూలమీది ఛాయ్ దుకాణం కాశయ్యకు నవ్వాగలేదు.

"ఎంకమ్మా, కింద పడి బొక్కలిరిగితే ఎవరు ఏరాలె?"

"నా బొక్కల ఫికర్ నీకెందుకు? నీ ఛాయ్ పొంగుతున్నది, గది చూసుకో."

మర్నాటి నుంచి పొద్దున పన్నెండు సైకిళ్ళు పోయాయి, మధ్యాహ్నానికి పన్నెండూ వచ్చాయి. ఇరవై నాలుగు ట్రిప్పులు. వాన పడ్డా అంతే. శోభకు జ్వరమొస్తే పక్కింటి శంకరమ్మ రెండుసార్లు పోయొచ్చింది. శ్రావణమాసం రానే వచ్చింది, జనం నీసు మానేశారు, బేరం సగానికి పడిపోయింది. ఆడవాళ్ళు నీరుగారిపోయారు.

"చేపలు లేకుంటే ఖాళీ గంపలు కట్టుండ్రి" అంది ఎంకమ్మ. "ఆయన ముంగట తల దించేది లేదు."

మూడో వారంలో దేవేందర్ ఫోన్ చేశాడు. "కాలేజీ పోరగాళ్ళు గంత దూరం ఎనిమిది నిమిషాల్ల పోతున్నరు. మీకు నలభై నిమిషాలు ఎందుకు పడుతున్నదక్కా?"

"జల్ది పోవాలెనని నీ రూల్ల ఉన్నదా?"

"లేదు."

"మరింకేంది?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నెల నిండిన తెల్లారి దేవేందర్ పొద్దున్నే వచ్చాడు. లెక్క అతని చేతిలోనే ఉంది. ఏడు వందల ఇరవై. శేరిగూడలో అందులో సగం కూడా పడలేదు, అక్కడి పిల్లలందరికీ మోటారు బండ్లున్నాయి మరి. అయినా నమ్మకం కుదరక ఒక్కో సైకిల్ దగ్గర వంగి చూశాడు. చైన్లు బిగువుగా ఉన్నాయి. పెడళ్ళు తళతళలాడుతున్నాయి. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లకు చిన్న చిరుగు కూడా లేదు.

"కాలేజీ కాడ అప్పుడే రెండు చైన్లు తెంపిండ్రు. మీ తీరు పైలంగ ఎవ్వరూ వాడలేదక్కా" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"మంది సొమ్ము గద సారూ. చూసుకోవాలె."

అతను కాగితం మీద సంతకం పెట్టాడు. స్టాండు ఇక ఈ గల్లీదే. కూలీలు సిమెంటు కలిపి ఇనుప కమ్మీలు పాతడం మొదలుపెట్టారు. ఎంకమ్మ గుండె నిండింది. కాగితం శోభతో రెండుసార్లు చదివించుకొని కొంగున ముడేసుకుంది.

దేవేందర్ ఫోన్ బయటికి తీశాడు. "ఆఫీసోళ్ళకు ఫోటో పంపాలె. జర సీటెక్కి నాలుగడుగులు తొక్కక్కా."

"మా పన్నెండు మందిల ఒక్కరికన్న తొక్కుడు వస్తే గద సారూ" అని ఎంకమ్మ చేపల గంపను క్యారియర్‌కు తాడుతో బిగించి, హ్యాండిల్ పట్టుకొని, రోజూలాగే సైకిల్‌ను నడిపించుకుంటూ మార్కెట్ తొవ్వ పట్టింది.