గుమ్మం మీద బల్బు

సంచీ నిండా ఎల్ఈడీ బల్బులు వేసుకుని, చంకన స్టూలు పెట్టుకుని కొడుకు వీధిలోకి దిగాడు. చీకటి పడేలోగా పని అయిపోవాలి. రేపు పొద్దునకల్లా తండ్రి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని ప్రెస్సు యజమాని కబురు చేశాడు. తండ్రి మళ్ళీ గడప దాటాలంటే కొడుక్కి ఇంతకు మించి దారి కనిపించలేదు.

తండ్రిది బైండింగు పని. ఫారాలు మడవడం, సూదీ దారంతో కుట్టడం, జిగురు రాసి అట్ట వేయడం. ఆ చేతి కుట్టు ఊడిందన్న మాట ఇంతవరకూ లేదు. ఆ మనిషిని ఎవరూ వేలెత్తి చూపిందీ లేదు, పోయిన వారం దాకా.

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే మేస్త్రీ కట్టినవి, ఒకే అచ్చు. పోయిన వారం సందెవేళ పని నుంచి వస్తూ తండ్రి నేరుగా టైలరమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. దగ్గరగా వేసిన తలుపు తోసుకుని వెళ్ళాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తెమ్మన్నాడు. లోపల టైలరమ్మ కూతురు బట్టలు మార్చుకుంటోంది. ఆ పిల్ల పెట్టిన కేకకు వీధి వీధంతా పోగైంది.

తాగాడన్నారు. తాగలేదని తేలాక అంతకంటే పెద్ద మాటలన్నారు. పొరపాటున వచ్చానంటే పోయేదే. ముసలాయన ఆ ఒక్క మాటా అనలేదు. చొక్కా చేత్తో పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. కొడుకు వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

అప్పటినుంచి తండ్రి గది దాటలేదు. ఆయనకూ ముద్ద దిగడం లేదు, కొడుక్కీ దిగడం లేదు.

మొదట కొట్టు బాబాయి గుమ్మం. బల్బు ఉత్తినే ఇస్తానంటే ఆయనకు నమ్మకం కుదరలేదు.

“ఎలక్షన్లో గానీ నిలబడుతున్నావేంట్రా?”

“లేదు బాబాయ్. పాత బల్బు ఒకటి తినే కరెంటుతో ఇవి ఆరు వెలుగుతాయి. మా ఇంట్లో పోయిన నెలే మార్చేశాను. బిల్లు చూస్తావా?”

బాబాయి బిల్లు తీసుకుని వెనకా ముందూ చూశాడు. అలాగైతే వంటింట్లోదీ, పెరట్లోదీ కూడా మార్చిపొమ్మన్నాడు. గుమ్మం మీదది చాలన్నాడు కొడుకు. స్టూలెక్కి పాతది తిప్పి తీశాడు, కొత్తది బిగించాడు. వెనక నుంచి బాబాయి పెళ్ళాంతో అంటున్న మాట చెవిన పడింది. తండ్రి చేసిన పనికి కొడుకు జరిమానా కట్టుకుంటున్నాడట.

కొడుకు తిరిగి చూడలేదు. జరిమానా అన్న మాట నిజమే.

ఎదురింటి అత్తకు తెల్ల వెలుగు కళ్ళలో గుచ్చుకుంటుందట. పసుపు రంగువి కూడా ఉంటాయి కదా, అవి తెచ్చిపెట్టమంది. తెల్లవే ఉన్నాయని ఆమెను బతిమాలాడు. బల్బు ఇచ్చేవాడే బతిమాలడం చూసి ఆమె బుగ్గలు నొక్కుకుని సరేనంది. ఆ తరువాతి ఇళ్ళలో ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. కొందరు తీసుకుని తలుపు వేసుకున్నారు. ఒకాయన మాత్రం, మీ నాన్నను కట్టేసి ఉంచారా లేదా అని అడిగి నవ్వాడు. కొడుకు ఆ గుమ్మానికీ బల్బు బిగించే కదిలాడు.

చివరికి మిగిలింది టైలరమ్మ గుమ్మం ఒక్కటే. పాత బల్బు అప్పటికే వెలుగుతోంది. ఆమె సగం తలుపు తీసి, మిగతా సగానికి అడ్డంగా నిలబడింది.

“పోయిన పరువు బల్బులిచ్చి కొనుక్కుందామనా?”

“కాదక్కా. తప్పు నాది. నాన్నది కాదు.”

“మా ఇంట్లో చొరబడింది నువ్వా?”

అసలు సంగతి కొడుకు నోటి దాకా వచ్చింది. చెప్పకూడదని తండ్రి ఒట్టు వేయించుకున్నాడు. మింగేశాడు.

“నువ్వు మంచివాడివే,” అంది టైలరమ్మ కాస్త మెత్తబడి. “అంత మాత్రాన నాకు నీ బల్బు అక్కర్లేదు. మాకిది బాగానే వెలుగుతోంది.”

కొడుకు స్టూలు కింద పెట్టాడు. ఆ ఒక్క గుమ్మం అలాగే ఉంటే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె బెదిరి వెనక్కి జరిగింది. లోపల మిషన్ చప్పుడు ఆగింది.

“పెట్టనీ అమ్మా,” అంది కూతురు. “బిల్లయినా తగ్గుతుంది.”

టైలరమ్మ కూతురి వైపు చూసింది. తలుపుకు అడ్డం తప్పుకుంది.

“సరే పెట్టు. ఒక్కటి మాత్రం చెబుతున్నా. మీ నాన్న మళ్ళీ ఈ గడప తొక్కాడో, ఈసారి పెద్దమనుషుల దగ్గర కూర్చోబెడతాను.”

“తొక్కరక్కా,” అన్నాడు కొడుకు స్టూలెక్కుతూ. “ఇక తొక్కరు.”

కాలుతున్న పాత బల్బును తువ్వాలుతో పట్టుకుని తీశాడు. తెల్లబల్బు వెలిగింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తెలుపు అయింది.

అతను ఇంటికి వచ్చి, ఆదా అవుతుందని పోయిన నెల తానే తెల్లబల్బు పెట్టిన తన గుమ్మం మీద ఆ పాత బల్బు బిగించి, పని పోతుందన్న భయంతో చూపు పోతూ తెల్ల వెలుగు ఆనక, పసుపు వెలుగు ఒక్కటే ఆనుతున్న సంగతి ఊరందరి దగ్గరా దాస్తున్న తండ్రి పక్కన కూర్చుని, “రేపు పనికి వెళ్ళు నాన్నా, ఇక ఈ వీధిలో పసుపు వెలుగు ఆనిందంటే అది మన ఇల్లే” అన్నాడు.