‘చనిపోయింది’ అని రాయండి

"‘పోరాడి ఓడిపోయారు’ అని వెయ్యమంటారా?" టైపు మిషను మీద వేళ్ళు ఆనించి అడిగింది జానిస్.

ఊరి వారపత్రిక ఆఫీసులో మరణ ప్రకటనలు తీసుకునేది ఆమే. ఎదురుగా క్లిఫర్డ్ హార్‌గ్రీవ్స్. అరవై ఎనిమిదేళ్ళు. మిల్లు మూసేసేదాకా మగ్గాల మెకానిక్కు. పక్కన మరదలు మ్యూరియల్, చేతిలో తడిసిన రుమాలు. ప్రకటన క్లిఫర్డ్ భార్య ఎనిడ్ గురించి.

"ఎవరితో పోరాడింది?" అన్నాడు క్లిఫర్డ్.

"అంటే... కేన్సర్‌తో."

"పడుకోబెట్టారు. సూదులు పొడిచారు. జుట్టంతా ఊడగొట్టారు. ఇందులో పోరాటమేముంది? పైగా ఓడిందట. తప్పంతా ఆమెదే అన్నట్టు."

జానిస్ ఆ మాట కొట్టేసింది. "పోనీ, ‘ప్రశాంతంగా నిద్రపోయారు’?"

"పదకొండు వారాలుగా ఆమెకి కంటిమీద కునుకు లేదు."

"‘మనల్ని విడిచి వెళ్ళిపోయారు’?"

"ఎక్కడికి? బ్లాక్‌పూల్ బీచికా?"

మ్యూరియల్ ఉలిక్కిపడింది. "క్లిఫ్! కాస్త మర్యాదగా మాట్లాడు. పాపం, ఆ అమ్మాయి పని ఆ అమ్మాయి చేసుకుంటోంది."

"మర్యాద వద్దనుకుంటే చావుకి పబ్బు భాష ఉందిగా. ‘బకెట్ తన్నింది’ అని రాయమను. ‘డైసీ పూలకి ఎరువైంది’ అని రాయమను. మీ ఆయన పోయినప్పుడు అదే అన్నారు, నువ్వు వినలేదంతే."

"ఛీ! ఇది చూస్తే ఎనిడ్ ఏమనుకుంటుంది?"

"ఎనిడ్ తియ్యటి మాటలు అడగలేదు."

క్లిఫర్డ్ జానిస్ వైపు తిరిగాడు. "విను అమ్మాయ్. గండం గడవలేదనడానికి డాక్టరు ‘ఇంకా అడవి దాటలేదు’ అన్నాడు. ధైర్యంగా ఉండమనడానికి నర్సు ‘గడ్డం పైకెత్తి ఉంచండి’ అంది. పాస్టరు వచ్చి ‘మంచి చోటు’ గురించి చెప్పి, రెండు బిస్కెట్లు తిని వెళ్ళాడు. ఎనిడ్ మమ్మల్ని అడిగింది ఒక్కటే. ఉన్నమాట సూటిగా చెప్పమంది. ఈవిడ ద్రాక్షపళ్ళు తెచ్చింది. నేను వాన గురించి మాట్లాడాను."

మ్యూరియల్ తల దించుకుంది.

"పెళ్ళయి నలభై మూడేళ్ళు. ఒక్క మాట అడిగితే నోరు పెగల్లేదు. ఇప్పుడైనా చెప్పాలి. అందుకే వచ్చాను. ‘ఎనిడ్ హార్‌గ్రీవ్స్, క్లిఫర్డ్ భార్య, చనిపోయింది.’ అంతే. ఇంకొక్క ముక్క కలపకు."

"మరీ మొరటుగా ఉంటుందేమో, సార్. మా పత్రికలో ఎవరూ అలా వెయ్యరు."

"అంటే మీ పత్రికలో ఎవరూ చనిపోరన్నమాట."

జానిస్ మొహం ఎర్రబడింది. అతను చెప్పినట్టే టైపు చేసింది.

"తేదీ?"

"ఖాళీ వదిలెయ్. అంత్యక్రియలు చూసే క్రాబ్‌ట్రీ ఫోన్ చేసి చెప్తాడు."

ఆమె తలూపింది. క్రాబ్‌ట్రీ ఖరారు చెయ్యందే అక్కడ ఏ ప్రకటనా అచ్చవదు. ఇంటివాళ్ళు ప్రూఫు చదివి సంతకం పెట్టడమూ అక్కడి పద్ధతే. జానిస్ కాగితం లాగి, అతని ముందు పెట్టి, పెన్ను అందించింది.

క్లిఫర్డ్ పెన్ను ముట్టుకోలేదు. కాగితం ఒకసారి చదివాడు. నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకున్నాడు.

"సంతకం పెట్టించి రేపు తెస్తాను."

"వద్దు క్లిఫ్. నీకు పుణ్యముంటుంది, అదిక్కడే వదిలెయ్." మ్యూరియల్ అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మళ్ళీ ద్రాక్షపళ్ళు కొనుక్కో, పో."

విదిలించుకుని వీధిలోకి నడిచాడు. వాన పడుతోంది. గొడుగు తెరవలేదు.

మూడు స్టాపుల తర్వాత బస్సు దిగి, ఆసుపత్రి మెట్లు రెండంతస్తులు ఎక్కి, కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్న ఎనిడ్‌కి కళ్ళజోడు అందించి, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు.